నాన్న ఏమంటారని అడిగావు

చిరంజీవి చిట్టికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ కుశలమే. నువ్వు వేళకు తింటున్నావనీ, హాస్టల్లో దోమల బెడద తగ్గిందనీ తలుస్తాను.

నీ ఉత్తరం పక్కన పెట్టుకుని, నువ్వడిగిన వరుసలోనే జవాబులు రాస్తున్నాను. నా మోకాలు నయం. మెట్లు ఎక్కుతున్నాను, దిగేటప్పుడే కాస్త మూలుగుతుంది. వంటింటి కుళాయి బాగుచేయించాను. బాగుచేసినతను అరిగిపోయిన వాషరు నా చేతిలో పెట్టి, "గుర్తుగా దాచుకోండి పిన్నిగారూ, దీన్ని ఇంత కాలం వాడినవాళ్ళు ఎవరూ లేరు" అన్నాడు. నీ ఊదారంగు శాలువా పెట్టెలో పైనే ఉంది.

ఇక మీ కాలేజీ వాళ్ళడిగిన ప్రశ్న. చేతిపనులు నేర్పే టీచరు కావాలని ఎందుకు అనుకున్నారో రాయమన్నారట. నీ పక్క మంచం మీది, వెల్డింగు నేర్చుకునే పిల్ల "ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు తప్పుతుందని" రాసిందన్నావు. ఇంకో అమ్మాయి "మా అత్త చేసింది, నన్నూ తోసింది" అని రాసిందట. చదివి నవ్వుకున్నాను. వాళ్ళు ఉన్నదున్నట్టు రాశారు. నువ్వు మాత్రం "మా నాన్న టైలరు కాబట్టి" అని రాసి ఊరుకున్నావు. అది సగమే.

మీ నాన్నకి కుట్టడం వచ్చుగాని చెప్పడం రాదు. పెళ్ళయిన కొత్తలో నాకు గుండీల కాజాలు కుట్టడం నేర్పబోయి, "ఇలా... కాదు, ఇలా... అబ్బ, ఇలాగే!" అంటూ చివరికి చొక్కా లాక్కునేవారు. నువ్వు బడికెళ్ళే వయసులో ఒకరోజు నా పక్కన చేరి, "అమ్మా, సూదిని చూడకు. ముడి ఏ వైపు పడుతోందో చూడు" అన్నావు. ఆ పూటే నాకు కాజా పట్టుబడింది. నాన్న మిషన్ ఆపి మరీ చూశారు. తరవాత నాతో, "ఇది టైలరు కాదే, టీచరు. దుకాణంలో కూర్చోబెడితే దీని చెయ్యొక్కటే పనిచేస్తుంది, నోరు వృథా" అన్నారు. నీ ముందు మాత్రం, "చదువు పేరు చెప్పి నా రెండో మిషన్ని మూలపడేస్తున్నావు" అని దెప్పేవారు. నువ్వు ఆ దెప్పుడే నమ్మావు.

అందుకే అడిగావు: శిక్షణ పాఠశాలలో ఉద్యోగం ఇస్తామంటున్నారు, నెలాఖరులోగా సంతకం చేయాలి, నాన్న రమ్మంటే అది మానేసి దుకాణానికి వచ్చేస్తాను, నాన్న ఏమంటారు అని. ఈ ప్రశ్న కిందటి ఉత్తరంలోనూ అడిగావు. నేనే దాటేశాను.

చిట్టీ, దుకాణం మూసేశాం.

చలికాలం మొదట్లో నాన్న ఒక బస్సు డ్రైవరు గారి యూనిఫాం చొక్కాకి గుడ్డ తిరగేయడం మరిచి, రెండు చేతులూ ఎడమవే కత్తిరించి అలాగే కుట్టేశారు. "ఏం మాస్టారూ, నాకు కుడిచెయ్యి అక్కర్లేదంటారా?" అని ఆయన నవ్వారు. నాన్నా నవ్వారు. ఆ తరవాత చొక్కా విప్పదీసి, ఎక్కడ తప్పిందో చూస్తూ పొద్దుపోయేదాకా కూర్చున్నారు. తెలియలేదు. కొన్నాళ్ళకి, కొలత తీస్తూ తీస్తూ ఎదుటి మనిషిని "ఎవరికి కుట్టాలి?" అని అడగడం మొదలైంది. ఇది మతిమరుపు జబ్బు, పెరగడమే గాని తరగడం ఉండదని డాక్టరు చెప్పారు. తెలివి కుదురుగా ఉన్న ఒక రోజున నాన్నే నా దగ్గర మాట తీసుకున్నారు. "పరీక్షలయ్యేదాకా దానికి చెప్పకు. చెప్తే వచ్చి మిషన్ దగ్గర కూర్చుంటుంది."

నీ పరీక్షలు అయిపోయాయి. చెబుతున్నాను.

ఇల్లు గడవడానికి ఇబ్బంది లేదు. నా పొదుపు లెక్కలు నీకు తెలుసు, దాని గురించి ఆలోచించకు. మిషన్ ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర వేయించాను. దారం ఎక్కించకుండానే తొక్కుతుంటారు. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ నేను నిశ్చింతగా వంట చేసుకుంటాను. ఇన్నేళ్ళూ "ఏమే" అని పిలిచిన మనిషి ఇప్పుడు నన్ను "మీరు" అంటున్నారు. మొదటిసారి విన్నప్పుడు స్నానాలగదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఇప్పుడు అలవాటైంది.

మొన్న నువ్వు నమూనాగా కుట్టి పంపిన కాలరు ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలితో అంచంతా తడిమారు. మొనలు రెండూ కలిపి చూశారు.

"ఎవరు నేర్పారో గాని, బాగా నేర్పారు" అన్నారు.

మీరేనండీ అనబోయి ఆగాను. గుర్తు రాకపోతే కంగారుపడతారు.

"ఈ కాలరు కుట్టిన అమ్మాయికి బళ్ళో ఉద్యోగం ఇస్తామంటున్నారు. అది వదిలేసి దుకాణంలో కూర్చుంటానంటోంది. ఏం చెప్పమంటారు?" అని అడిగాను.

"దుకాణానికేం, ఎవరో ఒకరు కూర్చుంటారు. ఈ పిల్లని బడికి పొమ్మనండి" అన్నారు. కాలరు మాత్రం నాకు తిరిగివ్వలేదు.

ఇదీ నాన్న మాట. సంతకం చెయ్యి. చేశాకే రా. గుమ్మంలోంచే "నాన్నా" అంటూ మీద పడకు, బెదురుతారు. ఆ కాలరు కుట్టింది నేనేనని చెప్పు. పక్కన చోటిస్తారు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అమ్మ