సింగపూరు కొట్లో మన మిరపకాయలు

సుబ్బులూ,

నువ్వు పోయిన ఏడాదికి మన అమ్మాయికి సింగపూరు రేవులో ఉద్యోగం వచ్చింది. నన్నూ తీసుకెళ్లి చూపించింది. ఒక్కో ఓడ మన ప్రత్తిపాడంత ఉంది. నా సంతోషం నువ్వు చూడాల్సింది.

తిరిగొచ్చి మూడు రోజులైనా కోపం మాత్రం తగ్గలేదు. అక్కడొక కొట్లో తొడిమలు తీసిన గుంటూరు మిరపకాయలు కనిపించాయి. నువ్వు ఇరవై ఏళ్లు ఈ తొడిమలు తీసే పనే చేశావని మురిసిపోతూ అమ్మాయి చేత చెప్పించాను. కొట్టతను నవ్వాడు.

"తొడిమలు మిషన్లే తీస్తాయంటున్నాడు నాన్నా."

"మిషనా? ఆడోళ్లు ఎండలో కూర్చుని తీస్తారని చెప్పవే ఆ పెద్దమనిషికి," అని అరిచాను.

"అరవకు, జనం చూస్తున్నారు."

"చూడనీ."

అమ్మాయి అతనితో ఇంగ్లీషులో నెమ్మదిగా ఏదో చెప్పింది. అతని నవ్వు ఆగిపోయింది. ఏం చెప్పావే అని అడిగాను.

"చేతుల మంటతో మా అమ్మ నాకెప్పుడూ ముద్ద కలిపి పెట్టలేకపోయిందని చెప్పాను నాన్నా."