మా గుంట ఎక్కడుంది?

పూరీ గేట్, ఖరగ్‌పూర్, జూలై 3

లైబ్రరీ మేడమ్ జ్ఞానరత్నం గారికి, రిటైర్డ్ ఫిట్టర్ దేముడు నమస్కరించి రాయడమేమంటే,

ముప్పై ఏళ్లుగా ఏ సందేహమొచ్చినా మీ బల్ల దగ్గరికే వచ్చాను. మొన్న వస్తే బల్లా లేదు, మీరూ లేరు. ఒక కంప్యూటరు, దాని పైన ‘కావలసింది మీరే వెతుక్కోండి’ అని కాగితం. సరే, ‘ఖరగ్‌పూర్‌లో మా గుంట ఎక్కడుంది’ అని కొట్టాను. సెప్టిక్ ట్యాంకులు తోడేవాళ్ల నంబర్లు పదకొండు ఇచ్చింది.

మా గుంట డెబ్బై ఎనిమిదిలో పోయింది. మా ఆవిడ సింహాచలమ్మకి వచ్చే నెల గుండె ఆపరేషను. ఆలోపు ఆ చోటు ఒక్కసారి చూడాలంటోంది. మీరైనా వెతికిపెట్టండి. ఈ ఉత్తరం ఫిర్యాదుల పెట్టెలో వేస్తున్నాను.

ఇట్లు,
దేముడు

తా.క. తొందరపడి ఒక నంబరుకి ఫోన్ చేశాను. గొట్టం పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. టీ ఇచ్చి పంపాం.

*

లైబ్రరీ, జూలై 8

దేముడు బాబాయ్ గారికి నమస్కారాలు.

నేను లోపలి గదిలో పుస్తకాలకి చీటీలు అంటిస్తున్నాను. ప్రశ్నలు తీసుకోవద్దన్నారు. మీది ఫిర్యాదు కనుక తీసుకున్నాను.

కంప్యూటర్లో చూశాను. ఆ ఏడాది మన ఊళ్లో ఇందా పేట వైపు మూడు గుంటలు పూడ్చారు. మీది ఏదో తేలాలంటే వివరాలు కావాలి. ఎంత లోతు? ఎవరు పూడ్చారు? వానాకాలం నీళ్లు నిలుస్తాయా?

ఉంటాను,
జ్ఞానరత్నం

తా.క. దోమల మందు కొట్టేవాళ్లకి మీ చిరునామా ఇచ్చాను.

*

పూరీ గేట్, జూలై 12

మేడమ్ గారికి దేముడు నమస్కారాలు.

లోతు నాకు తెలీదు. పూడ్చింది పక్క క్వార్టర్ తీతు. అప్పుడు నేను చక్రధర్‌పూర్ దగ్గర పట్టాలు తప్పిన బండి పనిలో ఉన్నాను. సింహాచలమ్మ గుంటకొచ్చిన జ్వరంతోనే ఆసుపత్రిలో ఉంది, ఒంటి మీద తెలివి లేదు. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. ‘మంచి చోటే పెట్టినాను దాదా’ అన్నాడు తీతు. ఆ చోటు చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె అడగబోయినా కసిరాను. ఇప్పుడు అడుగుదామంటే తీతూ లేడు.

పిల్ల పేరు పైడితల్లి. మూడేళ్లు.

మీ ఉత్తరం పైకి చదవడం నాదే తప్పు. ‘నా గుంట నీళ్లల్లో ఉన్నాదేటి?’ అంది సింహాచలమ్మ. అప్పట్నుంచి అన్నం ముట్టడం లేదు.

ఇట్లు,
దేముడు

తా.క. మందు కొట్టి వెళ్లారు. మేం దగ్గుతున్నాం, దోమలు కులాసా.

*

జూలై 19

బాబాయ్ గారికీ పిన్నిగారికీ,

ఏ ముఖం పెట్టుకుని క్షమించమనను? గుంట అంటే మనవాళ్ల మాటలో ఆడపిల్ల అని ఈ ఊళ్లో పుట్టిన నాకు తెలియదా? యంత్రం గొయ్యి అంది, నేనూ గొయ్యే అనుకున్నాను. మీరు బల్లకి ఎదురుగా నిలబడి ఉంటే, మీ ముఖం చూసి ‘ఏ గుంట, బాబాయ్?’ అని అడిగేదాన్ని. నా ఉద్యోగమంతా ఆ ఒక్క ప్రశ్నే.

సెలవు పెట్టి, తీతు గారు వెళ్లే చర్చిలో సమాధుల పుస్తకం తిరగేశాను. పైడితల్లి పేరు లేదు. డెబ్బై ఎనిమిదిలో ‘రూతు, మూడేళ్లు, తండ్రి తీతు’ అని ఉంది. ఆయన పెళ్లి జరిగింది అంతకు ముందు ఏడాదే. తన పిల్ల అంటేనే అక్కడ చోటిస్తారనుకున్నారేమో. రాసినవాళ్లు లెక్క వేయలేదో, వేసి ఊరుకున్నారో.

అది మెరక. నీళ్లు నిలవవు. వానలోనే వెళ్లి చూశానని పిన్నిగారికి చెప్పండి. సమాధి కొత్త సున్నంతో తెల్లగా ఉంది. ఆదివారం ఆటో తీసుకుని వస్తాను. ముందు ఆవిడ చేత అన్నం తినిపించండి.

మీ
జ్ఞానరత్నం

తా.క. ఆ సున్నం వేయించేది తీతు గారి అమ్మాయి ఆలిస్. తను పుట్టకముందే పోయిన అక్క అనుకుని ఏటా కొవ్వొత్తి వెలిగిస్తోంది. ఆదివారం తనూ అక్కడే ఉంటుంది. ఆమెకి ఏమని చెప్పాలో నాకు తెలియడం లేదు బాబాయ్. మీరే చెప్పండి.