గోడ తీసేసిన ఇల్లు

ఆదివారం, మధ్యాహ్నం

వదిన గారికి,

మీ మరదలి నమస్కారాలు. అన్నయ్య గారికి కూడా చెప్పండి. ఇక్కడ ఒంట్లో అందరికీ బాగానే ఉంది, ఇంట్లోనే ఏమీ బాగా లేదు. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటంటారా? వంటింటికీ హాలుకీ మధ్య గోడ పోయాక గుసగుసలాడినా అత్తయ్య గదిలోకి వినిపిస్తోంది.

వంటింటి పని బాగా చేయలేదని కాదు. కాంట్రాక్టర్‌ను చూసుకునే పెట్టుకున్నాం. మొదట వచ్చినాయన మేం చెప్పేది వినకుండానే తల ఊపేశాడు. రెండో ఆయన పాత సింకు కిందకు దూరి పైపులు చూశాడు. ఇదివరకు తాను చేసిన ఒక ఇంటికి మమ్మల్ని తీసుకెళ్లి చూపించాడు. ఆ ఇంట్లో వంట చేసుకుంటూనే హాల్లో వాళ్లతో కబుర్లు చెప్పుకోవచ్చు. చూడగానే మనసు పారేసుకున్నాను. ఇన్నేళ్లూ గోడకేసి మాట్లాడినదాన్ని కదా!

ఆయనకు మీ తమ్ముడు పెట్టిన పేరు ‘అయిపోయిందనుకోండి’. ఏదడిగినా అదే ధోరణి. టైల్స్ ఎప్పుడొస్తాయంటే వచ్చేశాయనుకోండి, దుమ్మెప్పుడు పోతుందంటే పోయిందనుకోండి. పడకగదిలో స్టవ్ పెట్టుకుని, బాత్రూంలో గిన్నెలు కడుక్కున్నన్నాళ్లూ ఆ మాటే మమ్మల్ని నవ్వించింది.

అత్తయ్య ఒక్కరే మొదటినుంచీ వద్దన్నారు. టైల్స్ మార్చుకోండి, రంగులు వేయించుకోండి, గోడ జోలికి మాత్రం పోవద్దన్నారు. ఎందుకంటే చెప్పరు. ఇంటి బరువేమీ దాని మీద లేదమ్మా, భయపడకండి అని కాంట్రాక్టర్ గోడ తట్టి మరీ చెప్పాడు. అయినా “ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచండి” అన్నారు. మీ తమ్ముడికి ఒళ్లు మండి, “నీ మొండితనం కోసం అందరం ఈ చీకటి కొట్టులో పడుండాలా?” అనేశారు. చివరికి ఆవిడను పిన్ని గారింటికి పంపించి, ఇంట్లో లేనప్పుడు గోడ కొట్టించాం. అలా చేసి ఉండాల్సింది కాదు వదినా.

తిరిగొచ్చిన రోజు గుమ్మం దాటి నాలుగడుగులు వేసి ఆగిపోయారు. ఎలా ఉందత్తయ్యా అని సంబరంగా అడిగాను. “బాగుందమ్మా. కాళ్లు లాగుతున్నాయి, కాస్త గదిదాకా చెయ్యివ్వు” అన్నారు. అప్పట్నుంచి గది వదిలి రావడం లేదు. కంచం నేనే పట్టుకెళ్తున్నాను. మా అందరికంటే ముందు లేచి పొయ్యి వెలిగించే మనిషి, కొత్త వంటింట్లో ఒక్కసారీ కాలు పెట్టలేదు. నా మీద కోపమే అయ్యుంటుంది. మీ తమ్ముడిది ఎడమొహం, ఆవిడది పెడమొహం, మధ్యలో నేను.

వంటిల్లు అందంగా ఉంది, అబద్ధమెందుకు. కానీ ఎవరితో కబుర్లు చెప్పుకుంటూ వండుదామనుకున్నానో ఆ మనిషే తలుపు వేసుకుని కూర్చున్నారు. ఆ వెలుతురు చూస్తే ఇప్పుడు నాకు దిగులుగా ఉంటోంది.

అందుకే అడుగుతున్నాను. కొన్నాళ్లు ఆవిడను మీ ఇంటికి తీసుకెళ్లండి. మనసు కుదుటపడ్డాక మేమే వచ్చి తెచ్చుకుంటాం.

ఇట్లు,
మీ మరదలు

తా.క. సోమవారం, సాయంత్రం.

ఈ ఉత్తరం నిన్న పోస్టులో వేయడం కుదర్లేదు. ఒకందుకు అదే మంచిదైంది.

పొద్దున ఇంట్లో ఎవరూ లేరనుకుని అత్తయ్య గదిలోంచి బయటికొచ్చారు. నేను హాల్లో కిటికీ దగ్గరున్నాను. ఇల్లంతా ఎండ. ఆవిడ రెండు చేతులూ ముందుకు చాపి, గాలిలో వెతుక్కుంటూ నడిచి, నడి హాల్లో ఆగిపోయారు. ఎటు వెళ్లాలో తెలియక “ఎవరైనా ఉన్నారా?” అని పిలిచారు. నేను ఎదురుగానే ఉన్నాను వదినా, ఇంకో అడుగేస్తే ఆవిడ చేతికి తగిలేంత దగ్గర.

అత్తయ్యకు చూపు లేదు. కొద్దికొద్దిగా పోతూ వచ్చిందట. ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదట. గది గుమ్మం నుంచి పొయ్యి దాకా ఆ గోడ పట్టుకునే నడిచేవారట. చెబితే వంటింట్లోకి రానివ్వం, ఓ మూల కూర్చోబెడతాం అని దాచారు. మీ తమ్ముడు ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డారు. మధ్యాహ్నం కంటి డాక్టర్‌కు చూపించాం. పోయిన చూపు ఇక రాదన్నారు.

కాంట్రాక్టర్‌కు చెప్పాం. గది నుంచి పొయ్యి దాకా పట్టుకుని నడవడానికి ఒక కమ్మీ బిగిస్తానన్నాడు. అది ఆవిడకు ఎప్పటికి అలవాటవుతుందో.

తీసుకెళ్లమని పైన రాసింది మర్చిపోండి. మీరే రండి. పోయినసారి మీరు గుమ్మంలో నవ్వుతూ నిలబడితే అమ్మ పలకరించనైనా లేదని వెళ్లేదాకా చిన్నబుచ్చుకున్నారు. ఈసారి గడప దగ్గరే “అమ్మా” అని పిలవండి.