లా పరీక్షలో ల్యాబు రికార్డు

అక్కా,

నేను క్షేమం. నువ్వు కంగారు పడకుండా ముందే చెప్పేస్తున్నాను, లా కాలేజీ మొదటి పరీక్ష గట్టెక్కాను.

ఇది తప్పితే మళ్లీ ల్యాబు ఉద్యోగానికే పోతానని నాన్నకు మాటిచ్చాను కదా, అందుకే ఇన్నాళ్లూ నాకు అన్నం సయించలేదు. పక్కవాళ్లు ఒక్కో జవాబుకు ఆరేసి పేజీలు నింపారు. ఏడేళ్లు ల్యాబులో పనిచేసిన చెయ్యి కదా, నేను అలవాటుకొద్దీ రికార్డు రాసినట్టే రాసేశాను: అడిగిందేమిటి, తెలిసిందేమిటి, ఏ సెక్షను వర్తిస్తుంది, చివరికి తేలిందేమిటి. అంతా కలిపి పేజీన్నర. సోమవారం లెక్చరరమ్మ నా పేపరు పట్టుకుని తన గదికి రమ్మన్నారు.

"ఇంతకుముందు ఏం చదివావమ్మా?"

"కెమిస్ట్రీ అండీ. తప్పు రాశానా?"

"తప్పేం లేదు. ఇంత కట్టలో ఒక్కసారి చదవగానే అర్థమైంది నీ పేపరొక్కటే. రేపు జడ్జిగారి ముందు కూడా ఇలాగే చెప్పు. కేసుల పేర్లు మాత్రం కంఠతా పట్టు, మార్కులన్నీ అక్కడే పోయాయి" అన్నారావిడ.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని హాయిగా ఏడ్చేశాను.

నా ల్యాబు తెల్లకోటు మన చిన్న చెల్లికి ఇచ్చెయ్యి, దాని కాలేజీకి పనికొస్తుంది. నా ఊలు శాలువా పంపు, ఇక్కడ లైబ్రరీలో చలి. అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? బావగారికి నమస్కారాలు, బుజ్జిగాడికి ముద్దులు. ఈ కార్డు నాన్నకు పెద్దగా చదివి వినిపించు. ఆయన ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయి. ఏమీ అనకుండా తనలో తాను నవ్వుకుంటే, అదీ రాయి.

నీ చెల్లెలు