పోయినసారి ఓటేశావా?

బాబాయ్,

"కుర్రకారు చెప్పాపెట్టకుండా వచ్చి మా సర్వేని తలకిందులు చేశారు" అని నిన్న టీవీలో నవ్వుతూ అన్నావే, అది విన్నప్పటినుంచి నాకు ఒళ్ళు మండిపోతోంది.

చెప్పాపెట్టకుండానా? ఎన్నికల ముందు సర్వే అంటూ మా హాల్లో కూర్చుని, "పోయినసారి ఓటేశావా?" అని అడిగావు. "అప్పటికి నాకు పదహారేళ్ళు బాబాయ్" అన్నాను. "అయితే ఈసారీ వెయ్యవనే రాసుకోవాలి, మా ఆఫీసు పద్ధతి అంతే" అని నన్ను తీసి పక్కన పెట్టేశావు. ఎవరికి వేస్తానో చెప్పబోతే, "పెద్దవాళ్ళని మాట్లాడనియ్యమ్మా" అని నాన్న వైపు తిరిగావు. ఆరోజు నా నోరు మూయించింది నువ్వు కాదూ?

పోలింగు రోజు మా సెల్‌ఫోన్ షాపులో పనిచేసే పిల్లలమంతా షట్టరు దించేసి వెళ్ళి, ఎండలో లైన్లో నిలబడి ఓటేసి వచ్చాం. అందరికీ అదే మొదటి ఓటు.

ఇంకో మాట. "అన్నయ్య కచ్చితంగా వేస్తాడు" అని, పోయినసారి వేశాడు కదాని, ఆయన్నడక్కుండానే టిక్కు పెట్టుకున్నావు చూడు, ఆ మా నాన్న ఆ మధ్యాహ్నం భోంచేసి సోఫాలో పడుకున్నాడు. లేపితే, "నా ఒక్క ఓటుతో ఏమవుతుందే" అని అటు తిరిగి పడుకున్నాడు. ఇది కూడా టీవీలో నవ్వుతూ చెప్పు.

ఇట్లు,
నీ లెక్కలోకి రాని
నీ అన్న కూతురు