జనరల్‌గారు లేచి నిలబడ్డారు

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నిన్న మన కె.ఆర్.పురం చర్చి విందుకు, పేపర్లలో ఫొటో పడే ఆ తెలుగు జనరల్‌గారు వచ్చారు.

పటాలంలో ఆయనకు వండిపెట్టానని నువ్వు చెప్పినప్పుడల్లా తమ్ముడు, "అవు నాయనా, రాష్ట్రపతికీ నువ్వే వండింటావులే!" అని ఎగతాళి చేసేవాడు. నేనూ నమ్మలేదు.

నిన్న వడ్డిస్తూ, ధైర్యం చేసి ఆయనకు నీ పేరు చెప్పాను. "ఊరుకోక్కా, పరువు పోతాది" అని తమ్ముడు గొణిగాడు.

జనరల్‌గారు లేచి నిలబడ్డారు.

"అన్నం చల్లారకూడదని వేడి గిన్నెను కోటు కింద పెట్టుకుని, కాల్పుల మధ్య పాక్కుంటూ మా కందకానికి తెచ్చాడమ్మా. పొట్టంతా బొబ్బలెక్కింది" అన్నారు.

మాకేమో ఆ మచ్చలు కాగిన నూనె చిందితే పడ్డాయని చెప్పావు, నాయనా.