పొడుగు పోర్టు ఉన్న ఆఖరి బోర్డు

డిసెంబర్ 6, సోమవారం
కంప్యూటర్ మళ్లీ ఆగిపోయింది. కౌడిపల్లి వాళ్ల పెళ్లికార్డు సగంలో ఉంది — వధువు పేరు కొట్టాను, వరుడి పేరు కొట్టేలోపు తెర నల్లబడింది. కాలిన వాసన. మిల్లు మూతపడి మా ఆయన ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి మా ఇల్లు నడిచేది ఈ డీటీపీ షాపు మీదే.

డిసెంబర్ 7
రామాయంపేట నుంచి మెకానిక్ సత్తయ్య వచ్చాడు. లోపలి మదర్‌బోర్డు పోతోందట. కొత్త ప్రాసెసర్, దానికి తగ్గ బోర్డు, రెండూ కొనాలి. సరే కొందామంటే తనే అడ్డం పడ్డాడు.
"తొందర పడకక్కా. కొద్ది దినాలల్ల ఇంకో రకం వస్తదట. గప్పుడు దీన్ని ఎవ్వలు పట్టించుకోరు. ఖరాబైతే మళ్ల బోర్డు దొరకది."
ఏడాది బతకనిదాన్ని ఎందుకు కొనడం? ఆగుదాం.

డిసెంబర్ 8
ఆగలేను. పొద్దున మళ్లీ అదే వాసన.

డిసెంబర్ 9
సత్తయ్య ఫోన్. భయం రెట్టింపైంది. నా తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే కంప్యూటర్ వెనక, పాత ప్రింటర్లు తగిలించే పొడుగు పోర్టులో అగ్గిపెట్టెంత లాక్ ఉండాలి. అది లేకుంటే ఒక్క అక్షరం రాదు. "వచ్చే బోర్డులల్ల గా పోర్టే ఉండదంటున్నరు. గిప్పటి దాంట్ల ఉంది. దొరికినప్పుడే తెచ్చుకో."
లాక్ ఇచ్చినవాళ్లు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు. వేరే సాఫ్ట్‌వేర్ కీబోర్డు నా వేళ్లకు రాదు. ఏడాది బతకనిదే నాకు దిక్కు.

డిసెంబర్ 11
సత్తయ్యను తెమ్మన్నాను. "పిస లేసిందా నీకు? బంద్‌లల్ల కార్డులు ఎవలు కొట్టిచ్చుకుంటరు?" అన్నాడు ఆయన.

డిసెంబర్ 14
బంద్. బస్సుల్లేవు. సత్తయ్య రాలేదు.

డిసెంబర్ 16
కొత్తది బిగించాడు. పాతదాని నుంచి లాక్ లాగితే రాదు. ఏటా దసరాకు కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెడతాం. అత్తమ్మ లాక్‌కు కూడా పెట్టేది — "అన్నిటికి పెద్ద అదే కద బిడ్డా" అని. తడి పసుపు లోపలికి దిగి పిన్నులకు కిలుము పట్టింది.
"ఏం జేసిన్రక్కా గిది?" సత్తయ్య ఎలాగో ఊడదీసి బ్రష్‌తో గీకాడు. ఒక పిన్ను వంగింది. సరిచేశాడు... "జర ఆరనియ్యి. రేపు పెట్టి చూడు. నాకు టేక్మాల్‌ల పనుంది."


డిసెంబర్ 17
లాక్ పెట్టాను. అత్తమ్మ కుంకుమ భరిణెతో వచ్చింది. "దీనికి వద్దత్తమ్మా." మొహం చిన్నబోయింది. "నా చెయ్యితోనే ఖరాబైందా బిడ్డా?" గోడకు పెట్టమన్నాను. పెట్టింది.
కౌడిపల్లి వాళ్లు కార్డు కోసం వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నారు. స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరిగింది. తెర వెలిగింది. ఇక తెలుగు తెరవాలి... మౌస్ మీద చెయ్యి వేశాను. నొక్కేలోపు కరెంటు పోయింది.
హమ్మయ్య అనుకున్నాను. ఇవాళ్టికి రాకుంటే బాగుండు.